నాయన డీజిల్ క్యాను

పోయిన శుక్రవారం మా పెద్దోడు బెంగుళూరు నుంచి కారేసుకుని వచ్చినాడు. శనివారం తెల్లారి ముగ్గురు స్నేహితులతో శ్రీశైలం పోవాలని వాళ్ళ ప్లాను. దారిలో తినడానికి అరిసెలు, చక్కిలాలు డబ్బాలకెత్తి డిక్కీలో పెడదామని తెరిచి చూద్దును కదా, ఐదు లీటర్ల నీళ్ళ క్యాను ఒకటి మూలకు ఆనించి ఉంది. లోపల ఉన్నది నీళ్ళు కాదు. మూత తీయకముందే తెలిసింది, వాసనకు.

"ఏందిరా ఇది?"

"స్పేర్ పెట్రోలమ్మా. నల్లమలలో బంకులుండవు కదా."

బంకులో అడిగితే క్యానులో పొయ్యమన్నారట. అందుకని వాళ్ళ నాన్న బండి ట్యాంకులోంచి పైపు పెట్టి లాగినాడట. చదువుకున్న పిల్లోడు, పెట్రోలు నోటితో లాగినాడు. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆ క్యానును ఎత్తి పెరట్లో నీడకు పెట్టించి, మళ్ళీ జాగ్రత్తగా బండిలోకే పోయించినాను. వాడికి కోపం వచ్చింది. "తాతే చెప్పేవాడు కదా, దూరం పోయేటప్పుడు క్యాను లేకుండా పోకూడదని" అన్నాడు. ఆ మాటతో నా నోరు మూతపడింది. నిజమే, మా నాయన అలాగే అనేవాడు. కానీ మా నాయన క్యానుకు, మా అరిసెలకు ఉన్న సంబంధం వీడికి పూర్తిగా తెలియదు. మా ఇంట్లో అది అందరూ సగం సగం చెప్పుకునే కథ. మొత్తం ఇక్కడ రాస్తాను.

మా పుట్టిల్లు కడప జిల్లాలో మైదుకూరు దగ్గర, కె.సి. కాలువ కింద పల్లె. అత్తగారిల్లు కర్నూలు జిల్లా పత్తికొండ పక్క, వానను నమ్ముకున్న ఊరు. కె.సి. అంటే కర్నూలు–కడప కాలువ అని అందరికీ తెలిసిందే. 1860ల్లో ఒక ఇంగ్లీషు కంపెనీ తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలుపెట్టి తవ్వించింది. అప్పట్లో దాంట్లో పడవలు కూడా నడిపినారు. లాభం రాక, 1882లో ప్రభుత్వమే కొనుక్కుంది. నీళ్ళు కర్నూలు నుంచి కడపకు పోతాయి, నేను కడప నుంచి కర్నూలుకు వచ్చినాను. నీళ్ళు వచ్చే దారికి ఎదురు రావడమంటే ఏమిటో మొదటి ఎండాకాలం బిందె పట్టుకుని బోరింగు దగ్గర నిలబడినప్పుడు తెలిసింది.

2000 సంవత్సరం మాఘమాసంలో నా పెళ్ళి. సారె మా నాయన ట్రాక్టరు ట్రాలీలోనే వచ్చింది. (బి.ఏ. తెలుగు చదివినందుకు ఒక్క మాట చెప్పనివ్వండి. కుమ్మరి చక్రాన్నీ సారె అంటారు, ఆడపిల్లతో పంపేదాన్నీ సారె అంటారు. రెండింటిలోనూ మట్టి తిరిగి తిరిగి వేరే ఆకారమవుతుంది అని నాకు అనిపిస్తుంది. ఇది నిఘంటువులో లేదు, నా సొంత పైత్యం.) బీరువా, మంచం, పరుపు, ఇత్తడి సామాను, గంపల్లో లడ్లు, అరిసెలు, కజ్జికాయలు, చక్కిలాలు. లారీ మాట్లాడదామని మా మామ అన్నాడు గానీ, "సొంత ట్రాలీ పెట్టుకుని బాడుగ ఎందుకు" అన్నాడు నాయన.

మైదుకూరు నుంచి ఆళ్ళగడ్డ, నంద్యాల, పాణ్యం, బేతంచెర్ల, డోన్ మీదుగా మా అత్తగారి ఊరు దాదాపు 200 కిలోమీటర్లు. మాది 35 హార్స్‌పవర్ పాత మెస్సీ, సెకండ్ హ్యాండుది. ట్రాలీ తగిలించి గంటకు 20 కిలోమీటర్లు పోతే గొప్ప. గంటకు నాలుగు లీటర్ల పైన తాగుతుంది. ట్యాంకు చూస్తే యాభైకి కాస్త తక్కువ పడుతుంది. డీజిల్ ముల్లు ఎప్పుడో చెడిపోయింది, నాయన వేపపుల్ల ట్యాంకులో ముంచి తడి ఎంతవరకుందో చూసి లెక్క కట్టేవాడు. అందుకే ఇంజనాయిల్ వచ్చిన 20 లీటర్ల తెల్ల క్యాను ఒకటి కడిగి, ఎక్కడికి పోయినా డీజిల్ నింపి పెట్టుకునేవాడు.

ఆరోజు తెల్లారుజామున నాలుగింటికి మైదుకూరు బంకులో ట్యాంకు నింపి, క్యాను కూడా మెడదాకా నింపించినాడు. మెడదాకా. అదే తప్పు. మాఘమాసం చలికి డీజిల్ చల్లగా ఉంటుంది. పన్నెండు గంటలకు ట్రాలీ మీద ఎండ ఎట్లుంటుందో మన సీమవాళ్ళకు చెప్పాల్సిన పని లేదు. 20 లీటర్ల డీజిల్ 20 డిగ్రీలు వేడెక్కితే 300 మిల్లీలీటర్ల పైనే పెరుగుతుందని మా చిన్నోడు ఇంజనీరింగ్‌లో చేరినాక లెక్క వేసి చెప్పినాడు. ఆ పెరిగింది ఎక్కడికి పోతుంది? మూతలోంచి బయటికి. క్యానును బీరువా పక్కన మంచంకోడుకు కట్టినారు. దాని కింద వరసన ఉన్నది అరిసెల గంప.

దారిలో ఎవరికీ తెలియలేదు. ట్రాక్టరు మీద కూర్చున్నవాళ్ళకు డీజిల్ వాసన కొత్తా? సాయంత్రం సామాను దించుకున్నారు. మా అత్త హుషారుగా, ఎవరి రుచీ చూడకుండానే, ఇంటికి రెండు లడ్లు రెండు అరిసెలు చొప్పున పళ్ళేల్లో పెట్టి ఊరంతా పంచిపెట్టించింది. అరగంట కాలేదు, ఎదురింటి అవ్వ అరిసె చేతిలో పట్టుకుని వచ్చి గడపలో నిలబడింది.

"ఏమ్మే, మీ కోడలి అరిసెలు మనుషులకా, ఇంజనుకా?"

ఊరు ఊరంతా నవ్వింది. పెళ్ళైన రెండు నెలలకే నాకు 'డీజిల్ కోడలు' అని పేరొచ్చింది. నాకైతే పెద్ద బాధ లేదు, వయసు అట్లాంటిది, నేనూ నవ్వేదాన్ని. మా అత్త మాత్రం నవ్వలేదు. పదిమందిలో తన పరువు పోయిందని ఆమె మనసులో పడిపోయింది. మా నాయన రెండు చేతులూ పట్టుకుని, "పొరపాటైపోయిందమ్మా, మళ్ళీ చేయించి పంపిస్తా" అన్నాడు. పంపించినాడు కూడా, బస్సులో, మా తమ్ముడి చేత. ఆమె ఆ గంప విప్పకుండా పాలేరు ఇంటికి పంపేసింది.

ఆ తర్వాత మూడేళ్ళు మా నాయన ఎప్పుడు వచ్చినా అరుగు మీదే కూర్చుని, మంచినీళ్ళు తాగి, నన్ను చూసి వెళ్ళిపోయేవాడు. ఆమె ఆయన్ను వరసపెట్టి పిలిచేది కాదు. "మైదుకూరాయన వచ్చినాడు చూడు" అనేది లోపలికి. వియ్యంకుణ్ణి అన్నా అనాల్సిన నోరు అది. నేను గుమ్మం దగ్గర నిలబడి ఇద్దరినీ చూసేదాన్ని. ఎవరివైపు మాట్లాడినా రెండోవాళ్ళకు దూరమవుతానని ఏమీ మాట్లాడేదాన్ని కాదు. ఇప్పుడు అనిపిస్తుంది, మాట్లాడి ఉండాల్సింది.

2002 కరువు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. దేశమంతా వానలు ఎగ్గొట్టిన ఏడు అది, జూలై నెల ఎండగానే పోయింది. మా పక్క శనక్కాయ విత్తనమే భూమిలో పడలేదు కొందరికి. ఆ కార్తీకంలో మా పెద్దోడు పుట్టినాడు. మూడోనెలలో నాయన నన్నూ పిల్లోణ్ణీ బస్సులో తీసుకొచ్చి దింపినాడు. దొడ్లో రెండు ఎద్దులుండేవి, ఒకటి కర్రెద్దు, ఒకటి బూడిదది. డొక్కలు లెక్కపెట్టొచ్చు. శనక్కాయ కట్టె అయిపోయింది, జొన్నచొప్ప కట్టలు ధర పెట్టి కొనే స్థితి లేదు. సంతకు తోలుకుపోదామని మా అత్త, వద్దని మా ఆయన. ఆ ఏడు సంతకు పోయిన ఎద్దు ఎవరి దొడ్డికి పోతుందో, ఎక్కడికి పోతుందో అందరికీ తెలుసు. అత్తకు కూడా తెలుసు. "కండ్ల ముందర సచ్చేదానికంటే నయం కదరా" అనేది, అని చీరకొంగు నోట్లో కుక్కుకునేది.

నాయన ఎద్దుల దగ్గర కాసేపు నిలబడినాడు. ఏమీ అనలేదు. బస్సుకు వెళ్ళిపోయినాడు.

మార్చి నెలలో ఒకరోజు ఊళ్ళో ఎస్టీడీ బూతు పిల్లోడు పరిగెత్తుకుంటూ వచ్చి చెప్పినాడు. "అక్కా, మీ నాయన ఫోన్ చేసినాడు. రేపు మధ్యాహ్నం గడ్డి వేసుకుని బయల్దేరుతాడంట. ఎద్దుల్ని అమ్మొద్దని చెప్పమన్నాడు."

ఆ ఏడు మా మడిలో కూడా నాట్లు పడలేదు. ఇంటిముందున్న వామి అంతకుముందు ఏటిది. ఆ సంగతి నాకు ఆ నిమిషంలో తట్టలేదు. సంతోషంలో ఉన్నాను.

వరిగడ్డి తోలడం సారె తోలినట్టు కాదు. బరువు తక్కువ, బోడు ఎక్కువ. ట్రాలీకి రెండు పక్కలా మూరెడు బయటికి, ఎత్తు మనిషికి రెండింతలు. గాలికి తెరచాపలాగా అడ్డం పడుతుంది, ఇంజను మూలుగుతూ లాగుతుంది, గంటకు 15 కిలోమీటర్లు దాటదు. ఊరు వచ్చిన ప్రతిసారీ ఆపి తలెత్తి కరెంటు తీగలు చూసుకోవాలి. తీగ గడ్డికి తగిలి ట్రాలీలు తగలబడిపోవడం మన జిల్లాల్లో ఏటా వినే మాటే. ఇక అసలు ఇబ్బంది ఏమిటంటే, గడ్డిబండిని ఏ బంకువాళ్ళూ లోపలికి రానీయరు, రానీయకూడదు కూడా. దూరంగా రోడ్డుపక్క నిలిపి, క్యాను చేత్తో మోసుకుపోయి పోయించుకుని రావాలి. కాబట్టి ఆ ప్రయాణంలో క్యాను అలంకారం కాదు, అది లేకపోతే బండి లేదు. అరిసెల పుణ్యమా అని నాయన రెండు పాఠాలు నేర్చుకున్నాడు. క్యాను పైన నాలుగు వేళ్ళ జాగా ఖాళీ వదలడం, మూతకింద ప్లాస్టిక్ కవరు మడిచి బిగించడం. ఈసారి దాన్ని ట్రాలీలో పెట్టలేదు, సైలెన్సరుకు అవతలి పక్క మడ్‌గార్డు మీద తాడుతో నిలువుగా కట్టినాడు.

మధ్యాహ్నం మూడింటికి బయల్దేరినారు, నాయనా, మా తమ్ముడూ. తమ్ముడికి అప్పటికి పంతొమ్మిదేళ్ళు. నంద్యాల చేరేసరికి రాత్రి పది. బంకులో కరెంటు లేదు, పంపు ఆడదన్నారు. క్యాను ఉంది కదా అని ముందుకు వచ్చేసినారు. బేతంచెర్ల దాటినాక నాయనకు కునుకు పట్టింది, తమ్ముడు తోలుతున్నాడు. పుల్ల ముంచి చూడాల్సిన వేళకు చూడలేదు. ఇంజను ఒకసారి ఎగశ్వాస పీల్చినట్టు పీల్చి, ఇంకోసారి పీల్చి, ఆగిపోయింది. అర్ధరాత్రి దాటి ఒంటిగంట పైన. అటూ ఇటూ నాపరాళ్ళ గుట్టలు తప్ప దీపం లేదు.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. పెట్రోలు బండి ఎండిపోతే పోసి స్టార్టు చేస్తే నడుస్తుంది. డీజిల్ ఇంజను అట్ల కాదు. ట్యాంకు పూర్తిగా ఎండితే గొట్టాల్లోకి గాలి చేరుతుంది. క్యాను మొత్తం పోసినా పంపు గాలినే పీలుస్తుంది తప్ప డీజిల్ ముందుకు పోదు. ఫిల్టరు మీదున్న స్క్రూ వదులు చేసి, చేతిపంపు మీట కొడుతూ ఉంటే బుడగలు బుడగలుగా నురగ వస్తుంది. నురగ ఆగి నికరంగా డీజిల్ వచ్చేదాకా కొట్టి, కారుతుండగానే స్క్రూ బిగించాలి. పగలైతే పావుగంట పని. చీకట్లో, సెల్లు తగ్గిన టార్చిలైటు తమ్ముడి పళ్ళ మధ్య పెట్టుకుని, వెనక ట్రాలీనిండా ఎండుగడ్డి పెట్టుకుని చేయడం వేరు. డీజిల్ చేతుల మీద, ఫిల్టరు మీద, నేల మీద కారింది. సరిగ్గా అప్పుడు గొర్రెల మంద దగ్గర కావలి పడుకున్న ముసలాయన ఒకడు, పాపం ఏమైందో అని, బీడీ తాగుతూ దగ్గరికి వస్తున్నాడు. చీకట్లో ఎర్రగా చుక్క కదులుతూ వస్తుంటే నాయనకు గుండె ఆగిపోయిందట. "ఆడ్నే నిలబడుకో! బీడీ ఆర్పు!" అని గట్టిగా అరిచినాడట. మా నాయన అరవడం నేను నా జన్మలో వినలేదు. ఆ ముసలాయన బీడీ కాలికింద నలిపి, చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చి, బండి స్టార్టయ్యేదాకా దూరంగా కూర్చున్నాడట. నాయన బయల్దేరేటప్పుడు ఆయన గొర్రెపిల్లలకని రెండు మోపుల గడ్డి దించి ఇచ్చినాడు.

ఇక్కడ మా ఇంట్లో తెల్లారుజామున ఐదింటికల్లా రావాల్సిన బండి రాలేదు. సెల్‌ఫోన్లు లేవు. పిల్లోడికి పాలిస్తూ నేను అరుగు మీదే కూర్చున్నాను. మా అత్త నిద్రపోతోందనుకున్నాను. నాలుగింటికి వచ్చి నా పక్కన కూర్చుంది. కాసేపటికి, "రోడ్డు మంచిది కాదు ఆ డోన్ పక్క" అంది. అంతే. ఆరు దాటింది, ఏడు దాటింది. ఆమె రెండుసార్లు ఊరిబయట చింతచెట్టు దాకా పోయి చూసి వచ్చింది. నాకు చెప్పకుండా, చేట పట్టుకుని, ఏదో పని మీద పోయినట్టు.

ఎనిమిదింటికి గడ్డి కొండ ఒకటి మలుపు తిరిగింది. క్యాను మడ్‌గార్డు మీద బోర్లించి ఉంది, ఖాళీగా. పుల్ల ముంచి చూస్తే ట్యాంకు అడుగున రెండు వేళ్ళ తడి ఉంది. నాయన దిగినాడు, మోచేతుల దాకా నల్లటి మడ్డి, పంచె నిండా డీజిల్. అలవాటుగా అరుగు మీద కూర్చోబోతూ, మరకలవుతాయని కూర్చోకుండా కిందనే రాయి మీద కూర్చున్నాడు.

మా అత్త నీళ్ళు కాచింది. సున్నిపిండి, కొత్త సబ్బు తెచ్చి ఇచ్చింది. జొన్నరొట్టె, శనక్కాయల పచ్చడి, ఎప్పటి నుంచో దాచిన గడ్డపెరుగు వేసి ఇంటి లోపల పీట వేయించి పెట్టింది. మాట్లాడలేదు. మగవాళ్ళు గడ్డి దించుతున్నంతసేపూ ఆమె దొడ్లో ఒక పక్కన కూర్చుని, ఆ గడ్డిలోంచే నాలుగు పిడికెళ్ళు తీసుకుని ఏదో మెలిపెడుతూ ఉంది. నేను ఎద్దులకు దావిణి పేనుతోందనుకున్నాను.

సాయంత్రం నాయన తిరుగుప్రయాణమవుతుంటే మా ఆయన పత్తికొండ నుంచి క్యాను నింపించుకుని వచ్చినాడు. అత్త ఆ మెలిపెట్టినదాన్ని తెచ్చి మడ్‌గార్డు మీద పెట్టింది. చుట్టకుదురు. కుండ కదలకుండా కింద పెడతామే, అది. క్యాను దాంట్లో పెట్టి తానే తాడు బిగించి, మూత తిప్పి చూసి, "ఈతూరి ఒలకదులే అన్నా" అంది.

నాయన తలగుడ్డ తీసి దులుపుకున్నాడు. "ఒలకదులేమ్మా" అన్నాడు. వెళ్ళిపోయినాడు.

ఆ గడ్డిని మా అత్త పొదుపుగా, పూటకు ఇంత అని చేతికొలతతో వేసి జూన్ నెల దాటించింది. బూడిదది ఆషాఢంలో ఏదో రోగమొచ్చి పోయింది, కర్రెద్దు ఇంకో ఏడేళ్ళు దున్నింది. ఆ మే నెలలో మా పుట్టింట్లో పాడిగేదెను అమ్మేసినారని, వామి ఖాళీ అయి మేపలేకపోయినారని, మా అమ్మ నాకు చెప్పింది పదేళ్ళ తర్వాత. అది కూడా ఏదో మాటల్లో నోరుజారి. నాయనను అడిగితే, "ముసలి గేదె లేమ్మా" అన్నాడు. అది రెండో ఈత గేదె. నాకు దాని పేరు కూడా తెలుసు.

నాయన పోయి ఆరేళ్ళు. అత్త ఉంది, ఎనభై దగ్గర పడింది, మా దగ్గరే కర్నూల్లో.

పెద్దోడితో శుక్రవారం రాత్రి గొడవ అంత సులభంగా తెగలేదు. సెల్‌ఫోన్లో చూసి నాకు చట్టం చదివి వినిపించినాడు. 1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం సొంత వాడకానికి 30 లీటర్ల దాకా పెట్రోలు పెట్టుకోవడానికి లైసెన్సు అక్కరలేదట. "కింద కూడా చదువురా" అంటే చదివినాడు. గట్టి బిరడా ఉండాలి, లోహపు డబ్బా అయి ఉండాలి, డబ్బా 25 లీటర్లు మించకూడదు. నీళ్ళ క్యాను అని ఎక్కడా లేదు. పైగా తాత తీసుకుపోయింది డీజిల్. అంటుకునేంత ఆవిరి రావాలంటే మన దేశపు డీజిల్‌కు కనీసం 35 డిగ్రీల వేడి కావాలి. పెట్రోలుకు సున్నాకు 40 డిగ్రీల కింద కూడా ఆ ఆవిరి వస్తుంది. అంటే మన ఊళ్ళో అది ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. ఆ ఆవిరి గాలికంటే బరువు, పైకి పోదు, మూసిన డిక్కీలో అడుగున పేరుకుంటుంది. కర్నూలు ఎండలో 42, 43 డిగ్రీలప్పుడు డీజిల్‌ను కూడా పూర్తిగా నమ్మడానికి లేదని చిన్నోడు పక్కనుంచి అందుకున్నాడు. తాత అదృష్టవంతుడు అన్నాడు. నిజమే అనుకుంటా.

కర్నూలు నుంచి నందికొట్కూరు, ఆత్మకూరు, దోర్నాల మీదుగా శ్రీశైలం 180 కిలోమీటర్ల లోపే. నిండు ట్యాంకుతో పోయి రావచ్చు. నాయనకు గడ్డిబండి ఉంది, ముల్లు లేదు, రాత్రి తెరిచే బంకులు లేవు. వీడికి ఏం తక్కువని? "ఆత్మకూరులో ట్యాంకు నింపుకో, రాత్రి గేటు వేసేలోపు అడవి దాటు, అంతే" అన్నాను. మూలన మంచంలో మా అత్త మేలుకునే ఉంది. "తిండి పెట్టే చోట నూనె డబ్బా పెట్టొద్దురా నాయనా. మీ అమ్మను అడుగు" అంది. మూడేళ్ళు నవ్వని మనిషి అప్పుడు దగ్గొచ్చేదాకా నవ్వింది.

శనివారం పదకొండింటికి వాడు శిఖరం దగ్గర నుంచి ఫోన్ చేసినాడు. ట్యాంకు సగం పైనే ఉందట.

"డిక్కీ తెరిచి అరిసెల డబ్బా వాసన చూడు" అన్నాను.

"నెయ్యి వాసనే వస్తాంది మ్మా" అన్నాడు.